మాటలు తెలుసు, వరసే కుదరడం లేదు

ప్రశ్న: పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇప్పుడు బెంగళూరు మారతహళ్లిలో మందుల షాపులో పనిచేస్తున్నాను. చాలామందితో తెలుగు నడుస్తుంది, మిగతావాళ్లతో ఇంగ్లీషు తప్పదు. మాటలు తెలుసు గానీ నోరు తెరిస్తే ‘హి యెస్టర్డే అవర్ షాప్ ఇన్ టూ సిరప్స్ బాట్’ అని వస్తోంది. ఎలా దిద్దుకోవాలి?

జవాబు: మీరు వాడిన మాటలన్నీ సరైనవే. వరస మాత్రం అచ్చ తెలుగుది. ‘పిల్లి ఎలుకను పట్టింది’ అన్నా ‘ఎలుకను పిల్లి పట్టింది’ అన్నా మనకు అర్థం మారదు, ‘ను’ కాపాడుతుంది. ఇంగ్లీషులో ఆ ‘ను’ లేదు. క్రియకు ముందున్నది పట్టినట్టు, వెనకున్నది దొరికినట్టు. ‘ది ర్యాట్ కాట్ ది క్యాట్’ అంటే పాపం పిల్లే దొరికిపోయింది.

మీ వాక్యమే తీసుకుందాం: ఆయన – నిన్న – మా షాపులో – రెండు సిరప్పులు – కొన్నారు. ‘ఆయన’ను మొదట్లోనే ఉంచండి. అక్కణ్నుంచి నేరుగా చివరికి వెళ్లి, వెనక్కి నడుచుకుంటూ రండి: కొన్నారు, రెండు సిరప్పులు, మా షాపులో, నిన్న. ‘హి బాట్ టూ సిరప్స్ ఇన్ అవర్ షాప్ యెస్టర్డే.’ ‘రెండు సిరప్పులు’, ‘మా షాపు’ అనే జంటలు అలాగే ఉంటాయి. ‘లో’ ఒక్కటే ‘మా షాపు’ జంటకు ముందుకొచ్చి ‘ఇన్’ అవుతుంది. ‘యెస్టర్డే’ను కావాలంటే వాక్యం మొదట పెట్టొచ్చు. ‘బాట్’కూ ‘టూ సిరప్స్’కూ మధ్య మాత్రం దూర్చకండి.

తెలుగులో మనం చెప్పకుండా వదిలేసేవి ఇంగ్లీషులో చెప్పి తీరాలి. ‘రేపు వస్తుంది’ అంటే మనకు చాలు. అక్కడ ‘ఇట్ విల్ కమ్ టుమారో’ అనాలి. ‘ఇది దగ్గు మందు’లో క్రియే లేదు, అక్కడ ‘దిస్ ఈజ్ కాఫ్ సిరప్’.

ఎక్కువమంది తడబడేది ప్రశ్నల దగ్గర. మనం చివర ‘ఆ’ చేరిస్తే సరిపోతుంది: ఉంది, ఉందా. ఇంగ్లీషులో ‘ఈజ్’, ‘కెన్’, ‘విల్’ లాంటివి ఉంటే వాటిని కర్తకు ముందుకు తేవాలి: ‘ఈజ్ దిస్ యువర్ బిల్?’ అలాంటిది లేకపోతే ‘డు’, ‘డస్’, ‘డిడ్’లలో ఒకటి తెచ్చుకోవాలి. ‘హి వాంట్స్ ఎ బిల్’ ప్రశ్నగా మారితే ‘డస్ హి వాంట్ ఎ బిల్?’ ‘వాంట్స్’ చివరి ‘స్’ పోయిందేమిటంటే, ఆ పని ‘డస్’ తీసుకుంది. రెండు చోట్లా పెడితే తప్పు.

రోజూ షాపులో మీరు తెలుగులో అన్న ఐదు వాక్యాలు బిల్లు వెనక రాసి, ఇలా వెనక్కి నడిపి, పైకి చదవండి.

ప్రశ్న: ‘ఐ డోంట్ నో వేర్ ఈజ్ హి’ అంటే మా పాప తప్పంటోంది. ప్రశ్నలో ‘ఈజ్’ ముందుకు రావాలి కదా?
– గృహిణి, కె.ఆర్.పురం

జవాబు: పాప చెప్పిందే సరైనది. ‘వేర్ ఈజ్ హి?’ విడిగా అడిగే ప్రశ్న. ‘ఐ డోంట్ నో’ కింద చేరగానే అది ప్రశ్న కాదు, వాక్యంలో ఒక ముక్క. కాబట్టి మామూలు వరసే: ‘ఐ డోంట్ నో వేర్ హి ఈజ్.’