మునిగిన ఊరికి ఒక్క వాక్యమా?

విజయనగరం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మీ కాలేజీ ఎన్నెస్సెస్, అదే జాతీయ సేవా పథకం, చరిత్ర అందింది. చేతిరాత ముచ్చటగా ఉంది. సగంలో ఒకచోట ఆగిపోయాను. "హిరమండలం దగ్గరి మన దత్తత గ్రామం వంశధార జలాశయంలో ముంపునకు గురైనందున తదుపరి శిబిరం వేరొక గ్రామంలో నిర్వహించబడినది." అంతేనా తల్లీ? మీ సీనియర్లు వేసిన రోడ్డు, మొక్కలు నాటిన బడి, ఏడు రోజులు వాళ్లకి వండిపెట్టిన వీధి, అన్నీ నీళ్లకిందకి పోతే ఒక్క వాక్యం! ప్రారంభోత్సవానికొచ్చిన ముఖ్య అతిథికి పేజీన్నర, శాలువా రంగుతో సహా!

పథకం మొదలైన 1969 సెప్టెంబరు 24, గాంధీ శతజయంతి సంవత్సరం, అప్పటి 37 విశ్వవిద్యాలయాలు, 40,000 మంది విద్యార్థులు: అన్నీ సరిగ్గానే రాశావు. ఏ కాలేజీ సావనీరు తిరగేసినా మొదటి పేజీలో ఇవే. ఒక్కో వాలంటీరుకి రెండేళ్లలో 240 గంటల సేవ అని లెక్కా చెప్పావు. ఆ గంటలు ఎవరి వాకిట్లో గడిచాయి? 'నాకోసం కాదు, నీకోసం' అన్నది ఆ పథకం నినాదం. నీ చరిత్రలో ఊరి మనిషి ఒక్కడూ నోరు విప్పడు. సేవాసంస్థ చరిత్ర చెప్పాల్సింది సేవ చేసినవాళ్లు కాదు, చేయించుకున్నవాళ్లు. ఈ మాట మీద చాలామంది నాతో పోట్లాడారు, పోట్లాడనీ.

నా డిగ్రీ రోజుల్లో నాగావళి ఒడ్డున ఒక ఊళ్లో శిబిరం. కంకర రోడ్డు వేసి, ఆఖరి రాత్రి పాటలు పాడుకుంటున్నాం. ఓ ముసలమ్మ వచ్చి, "రోడ్డేసీసినారు, బాగుంది బావూ. మరి మా నూతిలో పూడికెవులు తీస్తారు?" అంది. ఆ మాట చుట్టూ కథ అల్లి ఓ వారపత్రికకి పంపాను. సంపాదకుడుగారు ముసలమ్మ చేత పంతులుగారి భాష మాట్లాడించి, చివర్లో కుర్రాళ్ల చేత పూడిక తీయించి మరీ అచ్చేశారు! మన యాస అప్పుడు ముతక. ఇప్పుడు అలాంటి పత్రికలే 'ఉత్తరాంధ్ర మాండలికంలో కథలు కావలెను' అంటున్నాయి, ఏం చెప్పను.

2018లో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని కూల్చినప్పుడు మీవాళ్లు ఎన్ని బస్తాల బియ్యం పంచారో రాశావు. కొత్త చెట్టు కాపుకొచ్చేదాకా ఆ ఇళ్లవాళ్లు ఏం తిన్నారో, ఎక్కడికి వలసపోయారో రాయలేదు.

2008లో ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం రాకముందు మన కాలేజీలు ఆంధ్రా విశ్వవిద్యాలయం కిందివే కదా, పాత కాగితాల కోసం విశాఖలోనూ అడుగు. అంతకంటే ముందు ఆ మునిగిన ఊరివాళ్లున్న పునరావాస కాలనీకి వెళ్లు. బేనరూ ఫోన్ కెమెరా ఇంట్లో పెట్టి వెళ్లు. శిబిరం కుర్రాళ్లకి ఎవరు వండారో, ఆ బడి గంట ఇప్పుడెక్కడుందో అడుగు. తిడితే తిట్లూ రాసుకో.

సావనీరుకి గడువు నెలాఖరంటున్నావు. దాటిపోతే పోనీ, ఆ పేజీలో ఏ బట్టలకొట్టు ప్రకటనో వేసుకుంటారు.