హైదరాబాద్ గోడల మీద బొమ్మలు వేసే పని ఎవరికి, ఎలా దొరుకుతుంది?

కరీంనగర్ నుంచి మీరు అడిగింది ఇది: బీఎఫ్ఏ (లలిత కళల డిగ్రీ) పూర్తయింది, హైదరాబాద్‌లో ఫ్లైఓవర్ స్తంభాల మీద, పార్కు గోడల మీద బొమ్మలు వేసే పని కావాలి, దానికి జీహెచ్ఎంసీలో దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలి? గోడల పనే నాకు జీవనాధారం కాబట్టి తెలిసినది చెబుతాను.

ముందు దరఖాస్తు సంగతి. ఈ పనిలో ఉన్నంతకాలం చిత్రకారుల కోసం అలాంటి ఫారం ఒకటి నా కంటపడలేదు. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరం 1959లోనే, పునర్నిర్మాణ స్థలాల్లో కట్టే భవనాల ఖర్చులో ఒక శాతం కళకు కేటాయించాలని నియమం పెట్టింది. మన దగ్గర బొమ్మకు విడిగా పద్దు ఉండటం అరుదు. అది సుందరీకరణ పనుల్లో ఒక వరుస మాత్రమే. మొక్కలు నాటడం, రెయిలింగుకు రంగు, లైట్లు, వాటి మధ్య ఎక్కడో ‘గోడలపై చిత్రాలు, ఇన్ని చదరపు అడుగులు’ అని ఉంటుంది. టెండరు దక్కేది సివిల్ కాంట్రాక్టరుకు. ఆయన తనకు తెలిసిన మేస్త్రీకి ఫోను చేస్తాడు, మేస్త్రీ మనకు చేస్తాడు. ఇంతమంది చేతులు మారాక చదరపు అడుగుకు ఎంత మిగులుతుందో మీరే ఊహించుకోండి.

చార్మినార్, నెమలి, బతుకమ్మ ఎందుకు ప్రతి గోడ మీదా కనిపిస్తాయని చాలామంది విసుక్కుంటారు. చిత్రకారులకు ఊహ లేక కాదు. బిల్లు పాసయ్యేది ఇంజినీరు ఎం-బుక్కులో, అంటే పని కొలతలు నమోదు చేసే పుస్తకంలో, రాసిన కొలతను బట్టి. ఆ పుస్తకంలో పొడవు, ఎత్తు రాయడానికి గడులు ఉంటాయి, పనితనం రాయడానికి ఉండవు. బోనాలు ఎత్తుకున్న ఆడవాళ్ల గుంపు వేసినా, ఖాళీ నీలి ఆకాశం వేసినా రేటు ఒకటే. అందుకే ఈ పనితో ఇల్లు గడుపుకునేవాళ్ల బొమ్మల్లో ఆకాశం కాస్త ఎక్కువగానే ఉంటుంది. పైగా అందరికీ తెలిసిన బొమ్మ అయితే పై అధికారి వెంటనే సరే అంటాడు.

కాబట్టి మొదటి బేరం రేటు మీద కాదు, రేటులో ఏమేమి ఉన్నాయన్న దాని మీద జరగాలి. పాత పోస్టర్ల జిగురు గీకి, గోడ కడిగి, పుట్టీ, ప్రైమర్ వేసేది ఎవరు? పరంజా ఎవరిది? రంగులు కాంట్రాక్టరు కొంటే ఏ రకం కొంటాడు? బయట గోడకు ఎక్స్‌టీరియర్ ఎమల్షనే వాడాలి. ఇంటి లోపల వేసే రంగు ఇస్తే తీసుకోకండి. ఫ్లైఓవర్ పక్క గోడలకు నీరు బయటికి పోవడానికి చిన్న రంధ్రాలు ఉంటాయి. వాటి కింద చెమ్మ ఆరదు, ఏ రంగు వేసినా పొక్కులు లేస్తుంది. నేను అక్కడ ముఖాలు గీయను, చెట్ల మొదళ్లో రాళ్లో వచ్చేలా చూసుకుంటాను. డిజైన్‌కు విడిగా రుసుము అడగండి, ఎంత చిన్న మొత్తమైనా సరే. ఒకసారి నా డిజైన్ తీసుకుని, పని వేరే బృందంతో చేయించారు. అప్పటినుంచి రుసుము అందేదాకా చిన్న సైజు నమూనా తప్ప పూర్తి చిత్రం పంపడం మానేశాను.

పని ఎప్పుడు ఉంటుందన్నది కూడా ముఖ్యమే. 2016లో నగరాల పరిశుభ్రతకు మార్కులు వేసే కేంద్ర ప్రభుత్వ సర్వే, స్వచ్ఛ సర్వేక్షణ్ మొదలయ్యాక నగరాలకు ర్యాంకుల పోటీ వచ్చింది. పరిశీలన బృందం వచ్చే ముందు కార్పొరేషన్లన్నీ ఒక్కసారిగా గోడల మీద పడతాయి. పెద్ద నాయకుల పర్యటనలు, అంతర్జాతీయ సదస్సులు ఉన్నప్పుడూ అంతే. అప్పుడు చేతులు చాలవు కాబట్టి కొత్తవాళ్లకూ చోటు దొరుకుతుంది. అయితే ‘రేపటికల్లా అయిపోవాలి’ అనే పనికి అడ్వాన్సు లేకుండా ఒప్పుకోవద్దు. వచ్చినవాళ్లు వెళ్లిపోయాక బిల్లు గురించి తొందరపడేవాళ్లు ఎవరూ ఉండరు.

దీనికి పూర్తిగా భిన్నమైన దారి ఒకటి ఉంది. ఖైరతాబాద్ దగ్గర ఎం.ఎస్. మక్తాకు ఒకసారి వెళ్లిరండి. ఢిల్లీ లోధీ కాలనీ గోడలను చిత్రశాలగా మార్చిన స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ 2016లో ఇక్కడ పనిచేసింది. బయటి నుంచి వచ్చిన చిత్రకారులతో పాటు హైదరాబాద్‌కు చెందిన స్వాతి, విజయ్ దంపతుల పనీ ఈ బస్తీ గోడల మీద ఉంది. ఇలాంటి చోట చిత్రకారుల పేరు బయటికి వస్తుంది, బొమ్మ ఎవరిదో జనానికి తెలుస్తుంది, ఎం-బుక్కు బెడద ఉండదు. కానీ ఎంపిక చేసేవాళ్లు మీ శైలి ఏమిటని చూస్తారు. నాలుగు చార్మినార్ల ఫోటోలు పంపితే జవాబు రాదు. చేర్యాల నకాషీ (తెలంగాణ సంప్రదాయ పటచిత్ర కళ) గీతనో, మీ ఊరి సంత దృశ్యాన్నో మీదైన పద్ధతిలో పెద్ద గోడకు పెంచగలరని చూపించాలి. ఇలాంటి కార్యక్రమాల్లో సహాయకులుగా చేరడానికి మొహమాటపడొద్దు. గళ్లు గీసి చిన్న బొమ్మను నాలుగంతస్తుల ఎత్తుకు పెంచడం, క్రేన్ మీద నిలబడి పనిచేయడం కాలేజీలో రావు.

కాగితాల పని విసుగే అయినా ఇక్కడే చాలామంది వెనకబడతారు. ఆధార్‌తో ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు, ఉచితంగా చేసుకోవచ్చు, దాని కోసం ఏజెంటుకు డబ్బు ఇవ్వకండి. సూక్ష్మ సంస్థగా నమోదైతే చాలా టెండర్లలో ధరావతు మినహాయింపు అడగవచ్చు, కానీ ప్రతిసారీ టెండరు షరతులు చదవండి. ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా మామూలుగా జీఎస్టీ నమోదు తప్పనిసరి కాదు. బిల్లులో ముందే కోసుకున్న పన్ను (టీడీఎస్) మీ పాన్ ఖాతాలో జమైందో లేదో చూసుకుని, రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోండి.

సొంత ఖర్చుతో ఒక గోడకు రంగులు వేసి పేరు తెచ్చుకుందామని అనుకుంటున్నారా? ప్రైవేటు గోడ అయితే యజమాని చేత రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోండి. ప్రభుత్వ గోడ అయితే అనుమతి కాగితం లేకుండా బ్రష్షు ముట్టుకోవద్దు. బహిరంగ స్థలాలను పాడుచేయడాన్ని నిషేధిస్తూ ఉమ్మడి రాష్ట్రంలో 1997లో చేసిన చట్టం ఒకటుంది.

హక్కుల గురించి మీరు అడగలేదు కానీ చెప్పాలి. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడ మీద శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన భారీ కంచు కుడ్యశిల్పాన్ని 1979లో తీసేసి గోదాములో పడేశారు. ఆయన కోర్టుకెళ్లారు. 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన ముక్కలను ఆయనకు తిరిగి ఇవ్వాలని, 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని తీర్పు చెప్పింది. ఆధారం 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 57వ సెక్షన్. కాపీరైట్ ప్రభుత్వానికి చెందినా, తన పనిగా గుర్తింపు కోరే హక్కు, దాన్ని వికృతం చేస్తే ప్రశ్నించే హక్కు కళాకారుడికి ఉంటాయి. రోడ్డు వెడల్పులో పోయే గోడకు మనం హైకోర్టుకు వెళ్లలేం, నిజమే. కానీ వర్క్ ఆర్డర్‌లో ‘చిత్రకారుల పేరు గోడ మీద ఉండాలి’ అనే ఒక్క వాక్యం రాయించుకోవడానికి ఖర్చేమీ కాదు. కాంట్రాక్టరు కాదంటే, పని ఒప్పుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం. నేనైతే రేటులో కొంచెం తగ్గుతాను గాని పేరు వదులుకోను.

ఇప్పటికిప్పుడు ఏం చేయాలంటే, హైదరాబాద్ రాకముందు మీ కరీంనగర్ కార్పొరేషన్ ఇంజినీరింగ్ విభాగంలో అడగండి. అక్కడ పోటీ తక్కువ, అధికారిని నేరుగా కలవవచ్చు. హైదరాబాద్ వచ్చినప్పుడు మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో, మాసబ్‌ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం దగ్గర సీనియర్లను కలవండి. ఏ బృందానికి మనుషులు కావాలో వాళ్లకే ముందు తెలుస్తుంది. వెంట తెచ్చే ఫోటోల్లో కాన్వాసులకన్నా గోడలు ఎక్కువ ఉండాలి. పక్కన మనిషిని నిలబెట్టి తీస్తే ఎత్తు తెలుస్తుంది. ఒక వానాకాలం గడిచాక అదే గోడను మళ్లీ తీసిన ఫోటో కూడా ఉంటే, ఇంజినీరుకు మీరు వేరే ఏమీ చెప్పనక్కర్లేదు.