తమ్ముడికి రెండుసార్లు బెయిల్ కొట్టేశారు, ఇప్పుడేం చెయ్యాలి?

ప్రశ్న: మా తమ్ముడు ఒక ప్రైవేట్ ఫైనాన్స్ ఆఫీసులో క్యాషియర్. కలెక్షన్ డబ్బు వాడుకున్నాడని మేనేజర్ కంప్లైంట్ ఇస్తే మార్చి 2 సాయంత్రం అరెస్ట్ చేసి మర్నాడు రిమాండ్‌కి పంపారు. బీఎన్ఎస్ (ఐపీసీ బదులు వచ్చిన కొత్త నేరాల చట్టం) 316(4), 318(4) సెక్షన్లు పెట్టామన్నారు. బెయిల్ రెండుసార్లు డిస్మిస్ అయింది. వాడు అమాయకుడు, తిన్నది మేనేజరే. అమ్మ మంచం పట్టింది. ఛార్జిషీట్ వేసేదాకా ఆగితే బెయిల్ ఈజీగా వస్తుందంటున్నారు, ఆగమంటారా? ష్యూరిటీలకి మావాళ్ళెవరూ ముందుకు రావట్లేదు, కోర్టు దగ్గర ఒకతను 40 వేలిస్తే మనుషుల్ని తెస్తానంటున్నాడు.

జవాబు: చూడమ్మా, డబ్బు ఎవరు తిన్నారన్నది ట్రయల్లో తేలాల్సిన విషయం, దాంతో ఇవాళ మీ తమ్ముడు బయటికి రాడు. మీరు రాసినదాంట్లో అసలు పనికొచ్చే ముక్క ఒక్కటే, మార్చి 3న రిమాండ్ అన్నది. దాన్ని పట్టుకోండి.

316(4) అంటే ఉద్యోగి చేసిన నమ్మకద్రోహం, 318(4) అంటే మోసం, దేనికైనా ఎక్కువలో ఎక్కువ శిక్ష ఏడేళ్ళు. పదేళ్ళు, ఆపైన శిక్ష పడే కేసుల్లో అయితే ఛార్జిషీట్ వెయ్యడానికి పోలీసులకి 90 రోజులు టైం ఉంటుంది, మీ లాంటి కేసులో 60 రోజులే. అరెస్టు, బెయిల్ పద్ధతులు చెప్పే కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 187(3) చెప్పేది ఇదే, పాత సీఆర్పీసీలో 167(2). ఆ గడువు దాటినా ఛార్జిషీట్ పడకపోతే, అడిగి ష్యూరిటీలు ఇచ్చినవాణ్ణి కోర్టు వదలాల్సిందే. నేరం చేశాడా లేదా అన్నది అక్కడ చూడరు, ముందు రెండు పిటిషన్లు కొట్టేసినా ఇది ఆగదు. మనవాళ్ళు మాండేటరీ బెయిల్ అనేది దీన్నే.

లెక్క జాగ్రత్త. అరెస్ట్ రోజు నుంచి కాదు, రిమాండ్ రోజు నుంచి లెక్కపెట్టాలి, ఇది మన ఆంధ్ర నుంచి వెళ్ళిన చాగంటి సత్యనారాయణ కేసులో సుప్రీంకోర్టు 1986లోనే చెప్పింది. రిమాండ్ చేసిన రోజు కూడా లెక్కలోకే వస్తుందని 2023లో కపిల్ వాధవాన్ కేసులో తేల్చేసింది. అంటే మార్చిలో 29, ఏప్రిల్‌లో 30, మే 1తో 60 నిండుతాయి, మే 2న హక్కు పుడుతుంది. మధ్యలో సెలవొచ్చిందని పోలీసులకి ఒక్క రోజు కూడా కలవదు. మీరు బెయిల్ పిటిషన్ మే 1న వేస్తే తొందరపడ్డారని కొట్టేస్తారు, మే 2 పొద్దున్నే కోర్టు తెరవగానే వెయ్యాలి.

ఛార్జిషీట్ పడేదాకా ఆగమన్నవాళ్ళ మాట అస్సలు వినొద్దు. గడువు దాటాక కూడా మీరు అడగకుండా కూర్చుంటే, ఈలోపు పోలీసులు ఛార్జిషీట్ వేసేస్తే ఆ హక్కు పోయినట్టే, మళ్ళీ రాదు. అదే మీరు పొద్దున పిటిషన్ వేశాక వాళ్ళు మధ్యాహ్నం తెచ్చి పడేసినా మీ హక్కు చెక్కుచెదరదు, 2020లో ఎం. రవీంద్రన్ తీర్పు అదే చెప్పింది. అందుకే ఫైలింగ్ నంబరు, టైము రికార్డులో పడేలా చూసుకోండి, ఆఫీసులో ఇచ్చొచ్చాం అన్న నోటిమాట చాలదు.

ఇంకోటి, కోప్పడుతున్నా అనుకోకండి. రెండు పిటిషన్లు డిస్మిస్ అయితే ఆ ఆర్డర్ల కాపీలు మీ దగ్గర లేవు, రిమాండ్ రిపోర్ట్ లేదు, సెక్షన్లు కూడా ఎవరో చెప్పినవే రాశారు. ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారమ్మా? పోలీసులు మధ్యలో మెమో వేసి ఫోర్జరీ సెక్షన్ 338 కలిపి ఉంటే దానికి యావజ్జీవం దాకా ఉంది, అప్పుడు 60 కాస్తా 90 అవుతుంది, నేను చెప్పిన తేదీ మొత్తం తప్పిపోతుంది. రేపే సర్టిఫైడ్ కాపీలకి అప్లికేషన్ పెట్టించండి, ఎఫ్ఐఆర్, మొదటి రిమాండ్ ఆర్డర్, సెక్షన్ మార్పు మెమో ఉంటే అది కూడా. ఇంకో కేసులో పీటీ వారంట్ (జైల్లో ఉన్న మనిషిని ఆ కేసు కోర్టుకి తెమ్మనే ఉత్తర్వు) ఏమైనా ఉందేమో జైల్లో కనుక్కోండి, ఉంటే ఈ బెయిల్ వచ్చినా బయటికి రాలేడు.

ఆ 40 వేల మనిషి జోలికి పోకండి. ఊరూపేరూ తెలియనివాళ్ళని తెచ్చి, దొంగ పన్ను రసీదులు పెట్టి నిలబెడతారు. వెరిఫికేషన్‌లో దొరికితే బెయిల్ పోతుంది, ఆ కాగితాలు పెట్టించినందుకు ఫోర్జరీ కేసు మీ మీదికే వస్తుంది, అప్పుడు తమ్ముడితో పాటు మీరూ బెయిల్ కోసం తిరగాలి.

ఇంట్లోవాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడండి, జీతం సర్టిఫికెట్ ఉన్న ఉద్యోగి గానీ సొంతిల్లు ఉన్నవాళ్ళు గానీ ఇద్దరు చాలు. కంప్లైంట్‌లో రాసిన మొత్తం డిపాజిట్ చెయ్యాలని మాండేటరీ బెయిల్‌లో షరతు పెట్టకూడదు, 2020 శరవణన్ కేసు చూపించమనండి. ష్యూరిటీ మొత్తం మరీ ఎక్కువైతే తగ్గించమని పిటిషన్ వేసుకోవచ్చు. లాయర్‌కి డబ్బుల్లేకపోతే జైల్లో ఉన్న మనిషికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది, 15100కి ఫోన్ చెయ్యండి.

ఒకవేళ మే 1లోపే ఛార్జిషీట్ పడిపోతే దర్యాప్తు అయిపోయింది, రికార్డులు పోలీసుల దగ్గరే ఉన్నాయి, ఇంకా లోపల ఉంచాల్సిన పని లేదని మామూలు బెయిల్ మళ్ళీ వెయ్యండి, అక్కడా రాకపోతే అప్పుడు బీఎన్ఎస్ఎస్ 483 కింద హైకోర్టు.

ష్యూరిటీల కాగితాలు మాత్రం ఏప్రిల్ నెలాఖరుకే రెడీగా ఉంచుకోండి, ఎందుకంటే బెయిల్ ఇచ్చినా కోర్టు చెప్పిన టైంలో ష్యూరిటీలు పెట్టకపోతే లోపల ఉంచడం చట్టప్రకారమే అవుతుంది, ఈలోపు ఛార్జిషీట్ పడితే ఈ కష్టమంతా వృథా.