మానవ హక్కుల సదస్సులు ఎలా వెతకాలి, అక్కడ ఏం మాట్లాడాలి?

న్యాయశాస్త్రం చదువుతున్నానని, మానవ హక్కుల సదస్సులో పత్రం సమర్పించాలని ఉందని రాశారు. అవి ఎక్కడ జరుగుతాయో, డబ్బు కట్టమనేవాటిని నమ్మవచ్చో లేదో చెప్పమన్నారు. ఆత్మహత్య చేసుకున్న రైతుల కుటుంబాలకు పరిహారం ఇప్పించే పనిలో కొన్నేళ్లుగా ఉన్నాను. ఆ విషయం మీదే చిన్నా పెద్దా సభల్లో మాట్లాడాను. నాకు తెలిసింది చెబుతాను.

దగ్గరున్నవాటితో మొదలుపెట్టండి. 2009లో మానవ హక్కుల న్యాయవాది బాలగోపాల్ మరణించాక ఆయన స్మారకంగా మానవ హక్కుల వేదిక అనే సంస్థ ఏటా అక్టోబరులో హైదరాబాద్‌లో సభ జరుపుతోంది. ఎక్కువగా బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనే. ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. ఉపన్యాసాలు వినండి, విరామంలో వరండాలో నిలబడి నలుగురితో మాట్లాడండి. తర్వాతి సదస్సు ఎక్కడో, ఏ విశ్వవిద్యాలయం పత్రాలు ఆహ్వానిస్తోందో నాకు ఎక్కువగా తెలిసింది అలాంటి మాటల్లోనే. పౌరహక్కుల సంఘం మహాసభలు, డిసెంబరు 10 మానవ హక్కుల దినం చుట్టూ జిల్లాల్లో జరిగే సభలు కూడా వదలకండి.

డబ్బు సంగతి. న్యాయ కళాశాలలు పెట్టే సదస్సుల్లో విద్యార్థుల నుంచి కొంత రుసుము తీసుకోవడం మామూలే. కానీ మీరు ఎన్నడూ రాయని సంస్థ నుంచి మెయిల్ వచ్చి, ఐక్యరాజ్యసమితి పేరు చెప్పి, హోటల్ గదికి ముందే డబ్బు పంపమంటే అది మోసమే. ఐక్యరాజ్యసమితి తన సమావేశాలకు ప్రవేశ రుసుము వసూలు చేయదు. పాస్‌పోర్టు ప్రతి కూడా పంపకండి.

జెనీవా మానవ హక్కుల మండలిలో స్వచ్ఛంద సంస్థ తరఫున మాట్లాడాలంటే ఆ సంస్థకు ఐక్యరాజ్యసమితి సంప్రదింపుల హోదా, అంటే దాని సమావేశాల్లో పాల్గొనేందుకు ఇచ్చే అధికారిక గుర్తింపు, ఉండాలి. మైనారిటీ సమస్యలపై ఏటా అక్కడే జరిగే ఐక్యరాజ్యసమితి ఫోరం సమావేశానికి మాత్రం ఆ హోదా లేని సంస్థలూ పేరు నమోదు చేసుకోవచ్చు. ఎక్కడైనా దొరికేది రెండు మూడు నిమిషాలే. పైగా ఐక్యరాజ్యసమితి అధికార భాషలు ఆరింటిలో తెలుగు లేదు. బాధితులను తీసుకెళ్తే అనువాదకులను మీరే చూసుకోవాలి.

ఇక అసలు పని, పత్రం. చాలామంది 1948 నాటి విశ్వజనీన మానవ హక్కుల ప్రకటనతో మొదలుపెట్టి సమయమంతా అక్కడే ఖర్చు చేస్తారు. ఎదురుగా కూర్చున్నవాళ్లకు అది తెలుసు. మీరు ఒక్క ఫైలు పట్టుకుని వెళ్లండి.

నేను అలా తీసుకెళ్లిన ఫైలు ఒక కౌలు రైతు భార్యది. ఎఫ్‌ఐఆర్ ప్రతి, పోస్టుమార్టం నివేదిక, వడ్డీ వ్యాపారికి రాసిన ప్రాంసరీ నోట్ల జిరాక్సులు, అన్నీ ఒక పాలిథీన్ కవరులో మడతపెట్టి దాచుకుంది. లేనిది పట్టాదారు పాసుపుస్తకం ఒక్కటే. నోటిమాట కౌలుకు కాగితం ఎక్కడిది? ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి 2004లో వచ్చిన 421వ నంబరు జీవో లక్షన్నర రూపాయలు ఇవ్వమంది, 2015లో తెలంగాణ జీవో 194 దాన్ని ఆరు లక్షలు చేసింది. ఈ కుటుంబానికి మాత్రం, ఇలాంటి దరఖాస్తులను విచారించే అధికారుల త్రిసభ్య కమిటీ 'సొంత భూమి లేదు' అని ఒక్క ముక్క రాసి తిరస్కరించింది. సదస్సులో మొదట ఆ ముక్కే చదివాను. తర్వాత 2018లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఆమోదించిన రైతుల హక్కుల ప్రకటనలో మొదటి అధికరణం చదివాను. రైతు ఎవరో చెప్పేటప్పుడు అది భూమి యాజమాన్యం అడగదు, సాగు పనిచేసే భూమిలేనివాళ్లనూ కలుపుకుంటుంది. ఈ రెండూ పక్కపక్కన పెడితే వాదన మొత్తం వచ్చేసింది. ఆ తర్వాత ప్రశ్నలన్నీ ఆ తిరస్కరణ మీదే.

ఆమె కూడా వేదిక మీదే ఉంది. భర్త ఎప్పుడు చనిపోయాడని అధ్యక్షుడు అడిగితే, రెండోసారి పత్తి ఏరే రోజుల్లో అంది. మీ పత్రంలో తేదీ సరిగా వేయండి, కానీ అలాంటి జవాబును దిద్దకండి, మధ్యలో అందుకోకండి.

ఒక మాట గట్టిగా చెబుతాను. ఫొటో, పేరు, ఊరు వాడేముందు వాళ్ల భాషలో, తీరిగ్గా, ఎవరెవరు చూస్తారో చెప్పి అనుమతి అడగండి. మీరు తెరమీద చూపించిన ప్రాంసరీ నోటు ఫొటో రేపు అప్పు ఇచ్చినవాడి ఫోనులో ఉండవచ్చు. మీరు హైదరాబాద్‌లో ఉంటారు, ఆమె ఆ ఊళ్లోనే బతకాలి. ఏ కొంచెం సంకోచం కనిపించినా మార్చిన పేరుతోనే రాయండి.

పత్రం చివర్లో డిమాండు ఎవరికో రాయండి. 'ప్రభుత్వం చర్యలు తీసుకోవాలి' అంటే ఎవరికీ తగలదు. 'కౌలు రైతుల తిరస్కృత దరఖాస్తులను కలెక్టరు తిరిగి విచారించాలి' అంటే ఒక కుర్చీకి తగులుతుంది. సదస్సు తీర్మానం చేస్తే దాని ప్రతిని, మీ పత్రంతో పాటు, సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చి రసీదు తీసుకోండి. మీ అంశం ఏమిటో రాయలేదు. చెబితే ఏ సభకు పంపితే బాగుంటుందో సూచిస్తాను.