అన్నం మానేశారు, షుగర్ 62కి పడిపోయింది!

ప్రశ్న: మా వారికి 51 ఏళ్లు, బరువు 86 కిలోలు. నాలుగేళ్లుగా షుగర్ ఉంది, మూడు నెలల సగటు 8.4 వచ్చింది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన మాత్ర రెండు పూటలా వేసుకుంటారు. మా మరిది కొబ్బరినూనె డైట్ చేసి 12 కిలోలు తగ్గాడు. పక్కింటావిడేమో కొర్రలు, అరికెలు తప్ప ఏమీ ముట్టదు. మరిదిని చూసి ఈయన కూడా అన్నం, చపాతీ ఒక్కసారిగా మానేశారు. నాలుగో రోజు రాత్రి ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు. చూస్తే షుగర్ 62! పంచదార నీళ్లు తాగించాను. అసలు ఏ డైట్ మంచిదండీ?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: పంచదార నీళ్లు తాగించి మంచి పని చేశారమ్మా. డైట్ సంగతి తర్వాత, ముందు ఆ రాత్రి ఏం జరిగిందో చెప్తాను. గ్లిమిపిరైడ్ మీ వారు అన్నం తిన్నారా లేదా అని చూడదు, దాని పాటికి అది క్లోమం నుంచి ఇన్సులిన్‌ని బయటికి తెప్పిస్తూనే ఉంటుంది. అన్నం ఆపి మాత్ర ఆపకపోతే షుగర్ పడిపోక ఏమవుతుంది? తిండి బాగా తగ్గించేవాళ్లు మొదలుపెట్టకముందే డాక్టర్‌తో మాట్లాడి మాత్ర డోసు మార్పించుకోవాలి. ఇన్సులిన్ వేసుకునేవాళ్లకీ ఇదే మాట. ఇక డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు వాడేవాళ్లు ఇలాంటి కొవ్వు డైట్ సొంతంగా మొదలుపెట్టనే కూడదు, మీటర్‌లో షుగర్ పెద్దగా పెరగకుండానే ఒంట్లో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు తయారయ్యే ఆమ్లాలు) ప్రమాదకరంగా పెరిగిపోవచ్చు. మీ మరిదికి షుగర్ ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే ఇద్దరికీ పోలికే లేదు.

కొబ్బరినూనె డైట్‌గా పేరుపడ్డ వీరమాచనేని రామకృష్ణ గారి పద్ధతిలో పిండిపదార్థం దాదాపు ఉండదు కాబట్టి షుగర్ గబగబా దిగుతుంది, అది నిజమే. ఎన్నాళ్లు చేయగలరన్నదే చిక్కు, పండక్కి పులిహోర ముందు పెట్టుకుని కొబ్బరినూనె తాగేవాళ్లు ఎంతమంది? ఖాదర్ వలీ గారు చెప్పే కొర్రలు, అరికెల లాంటి సిరిధాన్యాల్లో పీచు ఎక్కువ, సంతోషం. కానీ 100 గ్రాముల బియ్యంలో 78 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటే కొర్రల్లోనూ 60కి తక్కువ కాదు. 'కొర్రలే కదా' అని కంచం నిండా పెట్టుకుంటే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. రాగిజావ గ్లాసులకి గ్లాసులు తాగేవాళ్లకీ ఇదే చెప్తాను.

బ్రిటన్‌లో డైరెక్ట్ అని ఒక పరిశోధన చేశారు, మొదటి ఫలితాలు 2017 చివర్లో వచ్చాయి. షుగర్ వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లకి మూడు నుంచి ఐదు నెలలు రోజుకు సుమారు 850 క్యాలరీలిచ్చే పొడి కలిపిన డ్రింకులే ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి 46 శాతం మందికి మందుల్లేకుండానే షుగర్ అదుపులో ఉంది, 15 కిలోలు, ఆపైన తగ్గినవాళ్లలో అయితే 86 శాతం మందికి. తమాషా ఏమిటంటే, ఆ డ్రింకుల్లో సగానికి పైగా పిండిపదార్థమే! బరువు తగ్గడమే పనిచేసింది. ఇంకోటి, మొదటి రోజే వాళ్ల షుగర్ మాత్రలు ఆపేశారు, అదీ డాక్టర్ల కనుసన్నల్లో.

కాబట్టి మీ వారు మానలేని అన్నాన్ని మాన్పించకండి. పూటకి ఒక కప్పు చాలు, దానికి రెట్టింపు బీరకాయో బెండకాయో కూర, గట్టి పప్పు, కావాలంటే గుడ్డు. కూర సగం తిన్నాకే అన్నం కలపమనండి. తినకముందు, తిన్న రెండు గంటలకి మీటర్‌తో చూసి రాసుకుంటే, కొర్రన్నం ఆయనకి నిజంగా నయమో కాదో మీకే తెలుస్తుంది. అంతకన్నా ముందు ఈ వారంలోనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. వెళ్లేటప్పుడు ఆ 62 చూపించిన మీటర్ కూడా పట్టుకెళ్లండి, అందులో తేదీ, టైం ఉంటాయి.