సజ్జా కూలినప్పటి నుంచి నిద్ర లేదు.. స్కాన్ మళ్లీ తీయించాలా?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటాం. మల్కాజిగిరిలో మా బావమరిది వాళ్ల పాత ఇంట్లో వాన నీళ్లు దిగుతుంటే, మూడు వారాల క్రితం ఆదివారం మేస్త్రీకి సాయంగా వెళ్లాను. కిటికీ సజ్జా మీద పాత ప్లాస్టరింగ్ కొడుతుంటే సజ్జా మొత్తం ఊడిపోయింది. పరంజాతో సహా కిందపడ్డాను. పెద్ద పెచ్చు ఒకటి నా తల పక్కనే పడింది. భుజం గీరుకుపోయింది, తలకు చిన్న దెబ్బ తగిలింది. ఆ రోజే సీటీ స్కాన్ తీసి నార్మల్ అన్నారు. కానీ కళ్లు మూస్తే ఆ శబ్దమే వినపడుతోంది. మొన్న ఎదురింట్లో టైల్స్ కోసే మెషీన్ మోగితే చేతిలో టిఫిన్ బాక్స్ జారిపోయింది. ఒళ్లంతా చెమటలు. తలనొప్పి కూడా ఉంది. రాత్రి రెండు పెగ్గులు వేసుకుంటే కాస్త కునుకు పడుతోంది. దడుసుకున్నానని అమ్మ తాయెత్తు కట్టించింది. 'బతికి బయటపడ్డావు, ఇంకేం కావాలి' అంటున్నారు అందరూ. లోపల ఏమైనా దెబ్బ ఉండిపోయిందా?
– ఒక పాఠకుడు

జవాబు: ముందు తలనొప్పి సంగతి తేల్చుకోవాలి. మిగతాది ఆ తర్వాత.

మొదటి రోజు స్కాన్ నార్మల్ రావడం మంచిదే. కానీ కొందరిలో పుర్రెకూ మెదడుకూ మధ్య రక్తం నెమ్మదిగా చేరుతూ, రెండు మూడు వారాల తర్వాత గానీ బయటపడదు. దీన్ని సబ్‌డ్యూరల్ హెమటోమా అంటాం. పెద్ద వయసువారిలో, రక్తం పలచబడే మందులు వాడేవారిలో, రోజూ మద్యం తాగేవారిలో ఇది ఎక్కువ. మీ వయసులో అరుదే. అయితే మీకు తలనొప్పి తగ్గుతోందా, పెరుగుతోందా అన్నది మీరు రాయలేదు. నాకు కావాల్సింది అదే. రోజురోజుకీ పెరుగుతున్నా, వాంతులవుతున్నా, పగలు మత్తుగా ఉంటున్నా, ఒక చెయ్యో కాలో పట్టు తప్పుతున్నా, మాట తడబడుతున్నా, ఫిట్స్ వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. న్యూరోసర్జన్ ఉన్న ఆస్పత్రి ఎమర్జెన్సీకి నేరుగా వెళ్లండి. గాంధీ, ఉస్మానియా, నిమ్స్.. ఏది దగ్గరైతే అది. ఇవేవీ లేకపోయినా ఈ వారంలో ఒకసారి న్యూరాలజిస్టుకు చూపించుకోండి. మళ్లీ స్కాన్ అవసరమా లేదా అన్నది మిమ్మల్ని పరీక్షించాక వాళ్లు చెబుతారు.

ఇక నిద్ర, ఆ శబ్దం, చెమటలు. ఇవి మీ పిరికితనం కాదు. ప్రాణం మీదకు వచ్చినప్పుడు ఒళ్లు కాచుకోవడానికి మెదడు పెట్టే అరుపు అది. దొంగ ఎప్పుడో వెళ్లిపోయినా తెల్లవార్లూ మొరిగే వీధికుక్కలా, ప్రమాదం దాటినా కొన్నాళ్లు అది ఆగదు. చాలామందిలో వారాలు గడిచేకొద్దీ దానంతటదే తగ్గుతుంది. మాకు నెల రోజులన్నది ఒక గీత. నెల దాటినా ఆ దృశ్యం పదేపదే కళ్లముందు మెదులుతూ, ఆ ఇంటి వైపు వెళ్లడానికే భయపడుతూ, చీటికిమాటికి ఉలిక్కిపడుతూ ఉంటే అది పీటీఎస్‌డీ (పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్, అంటే పెద్ద ప్రమాదం తర్వాత మనసును వదలని భయం) కావచ్చు. సైనికులకే వచ్చే జబ్బు కాదిది. దీనికి మంచి చికిత్స ఉంది. జరిగినదాన్ని సైకాలజిస్టు దగ్గర పద్ధతిగా ఎదుర్కొనే థెరపీకి సాధారణంగా వారానికోసారి చొప్పున 8 నుంచి 12 సిట్టింగులు పడతాయి. అవసరమైతే సెర్ట్రలిన్ వంటి డిప్రెషన్, ఆందోళనలు తగ్గించే మందులు రాస్తాం.

పెగ్గుల విషయంలో మాత్రం మొహమాటం లేకుండా చెబుతున్నాను, ఆపేయండి. మద్యం మొదటి కునుకు పట్టిస్తుంది, తెల్లవారుజాము నిద్ర చెడగొడుతుంది, పీడకలలు పెంచుతుంది. పైగా లోపల రక్తం చేరుతుంటే వచ్చే మత్తునీ, తడబాటునీ 'తాగాడులే' అని ఇంట్లోవాళ్లు వదిలేసే ప్రమాదం ఉంది. ఇంతకుముందు కూడా రోజూ తాగే అలవాటుంటే మాత్రం ఒక్కసారిగా మానకుండా డాక్టర్‌కు చెప్పి తగ్గించుకోండి. మెడికల్ షాపులో అడిగి ఆల్‌ప్రజోలామ్ (ఆందోళన తగ్గించి మత్తునిచ్చే మాత్ర) తెచ్చుకోవద్దు. అలవాటు పడితే వదలదు, పీటీఎస్‌డీని ఆపదు, మద్యంతో కలిస్తే ఊపిరికే ముప్పు.

తాయెత్తు ఉండనివ్వండి. అమ్మ మనసు కుదుటపడుతుంది. దాన్ని నమ్ముకుని డాక్టర్ దగ్గరికి వెళ్లడం వాయిదా వేయకపోతే చాలు.

'ఇంకేం కావాలి' అనేవాళ్లది చెడు ఉద్దేశం కాదు గానీ, ఆ మాట విన్నాక మనిషి నోరు విప్పడు. అలాగని వచ్చిన చుట్టాలందరికీ మొదటి నుంచీ చెప్పాల్సిన పనీ లేదు. కూర్చోబెట్టి మొత్తం ఒక్కసారే కక్కిస్తే భారం దిగుతుందనుకుంటారు, పరిశోధనల్లో అది తేలలేదు. చెప్పాలనిపించినప్పుడు, చెప్పాలనిపించినవాళ్లకు, చెప్పాలనిపించినంత చెప్పండి.

ఆ ఇంటికి వెళ్లడం మానేయకండి. తప్పించుకునేకొద్దీ భయం ముదురుతుంది. మొదట పగటిపూట బావమరిదిని తోడు పెట్టుకుని వీధిలోంచి చూసి రండి. గుండె దడ తగ్గేదాకా అక్కడే నిలబడండి. అది అలవాటయ్యాక లోపలికి వెళ్లి టీ తాగి రండి. పరంజా ఎక్కే పని ఇప్పుడే వద్దు, తల తిరిగితే మళ్లీ ప్రమాదం.

'నేను కొట్టడం వల్లే కూలింది' అని లోలోపల తిట్టుకుంటున్నారేమో, ఇలాంటి కేసుల్లో ఆ మాట తరచూ వింటాను. సజ్జా గోడలోంచి గాల్లోకి నిలబడే పలక, దాన్ని మోసే ఇనుప చువ్వలు పైభాగంలోనే ఉంటాయి. ఏళ్ల తరబడి వాన దిగి అవి తుప్పుపట్టాయంటే, కింద సపోర్టు పెట్టకుండా పైన సుత్తి వేస్తే ఎవరి చేతిలోనైనా కూలేదే. మిగిలిన సజ్జాలను మాత్రం ముందు ఇంజినీర్‌కు చూపించమనండి.

నెల నిండాక కూడా ఇలాగే ఉంటే ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థకు గానీ, దగ్గర్లోని సైకియాట్రిస్టు దగ్గరికి గానీ వెళ్లండి. టెన్షన్ భరించలేనట్టుంటే, చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే అంతవరకూ ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు పాత సీటీ ఫిల్మ్, డిశ్చార్జి కాగితాలు తీసుకెళ్లండి. మీ భార్యను కూడా వెంట రమ్మనండి. రాత్రి నిద్రలో మీరు ఎలా ఉంటున్నారో ఆవిడకే తెలుస్తుంది.