సీతాకోకచిలుక బదులు ఈగ వచ్చింది, ఏ జాతో తేలట్లేదు: సమాధానం
గొంగళిపురుగును పెంచితే సీతాకోకచిలుకకు బదులు ఈగ వచ్చిందని, అది ఏ జాతో చెప్పమని అడిగారు. మీ మూడు ఫోటోలూ పైనుంచే తీశారు. అందుకే ఫోటో చూసి పేరు చెప్పే యాప్ ఒకసారి మాంసపు ఈగ అని, ఇంకోసారి టాకినిడ్ (గొంగళిపురుగుల్లాంటి వాటి లోపల పిల్లదశలో పెరిగే ఈగ) అని చెబుతోంది. బూడిద చారలు రెండింటికీ ఉంటాయి.

1. పక్కనుంచి తీయండి. అందరూ వదిలేసేది ఇదే. వీపు చివర చిన్న త్రికోణపు పలక ఉంటుంది కదా, సరిగ్గా దాని కింద దిండులా ఉబ్బిన ఇంకో మడత కనిపిస్తే టాకినిడే. దాన్ని సబ్‌స్కూటెల్లమ్ అంటారు. రెక్కలు అడ్డొస్తే కాస్త వెనకనుంచి, ఏటవాలుగా చూడండి. ముళ్లలాంటి వెంట్రుకలు చూసి మోసపోకండి, నేనూ మోసపోయాను.

2. రెక్క ఈనెలు, ముఖం ఒక్కో ఫోటో.

3. ఏ గొంగళిపురుగో, ఏ మొక్క మీద దొరికిందో రాయండి. ఖాళీ ప్యూపా గుల్ల పారేయకండి.

ఫోటోతో చాలాసార్లు ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) దాకానే వెళ్లగలం. జాతి తేలాలంటే తరచూ మగ ఈగ జననాంగాలను మైక్రోస్కోప్ కింద చూడాల్సిందే.